పాత వస్తువులు - రోగార్తుల కుటుంబాలు

ఇంట్లో వాడకం తప్పిన వస్తువుకు మన ప్రాంతంలో గతులు మూడే. అటక ఎక్కడం, పాత సామాన్ల బండివాని తక్కెడలో పడడం, లేదా స్టీలు గిన్నెలవారి బుట్టలోకి పోవడం. నాలుగు పాత చీరలకు ఒక గిన్నె ఇప్పించుకొనుటకై గుమ్మంలో అరగంట బేరమాడే నేర్పు మన ఇల్లాండ్రకు ఒకరు చెప్పవలసినది కాదు. అవే వస్తువులను ఒకచోట చేర్చి, సరసమైన ధరకు విక్రయించి, ఆ సొమ్మును తీవ్రవ్యాధికి గురియైన కుటుంబాలకు అందించే నాల్గవ మార్గమును ఇక్కడ వివరించదలచాము.

ఈ పద్ధతి లోకానికి కొత్త కాదు. గ్రీసు దేశపు క్షామపీడితుల కొరకు 1942లో ఇంగ్లండులో ఏర్పడిన ఆక్స్‌ఫామ్ సంస్థ 1947లో ఆక్స్‌ఫర్డు నగరంలో ఒక దుకాణం తెరచింది. జనం ఇచ్చిన వస్తువులే అక్కడి సరుకు. మన దేశంలో 1999లో అన్షు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ, పాత బట్టలను ఊరికే పంచక, గ్రామస్థులు తమ ఊరి కొరకు చేసుకొన్న పనికి ప్రతిఫలంగా ఇచ్చే విధానమును తెచ్చింది. పుచ్చుకొనేవారి తల వంచనీయని ఆ గుణమే మాకు నచ్చినది.

వైద్యం ఉచితమైనప్పుడు ఈ సొమ్మెందుకని కొందరు అడుగవచ్చును. 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైన పిమ్మట పెద్ద శస్త్రచికిత్సల భారం పేదలకు చాలవరకు తగ్గిన మాట నిజమే. కాని ఆసుపత్రి లెక్కకెక్కని ఖర్చు వేరే ఉన్నది. మూత్రపిండాలు చెడిన రోగికి సాధారణంగా వారానికి రెండు మూడు పర్యాయములు, ప్రతిసారి సుమారు నాలుగు గంటల డయాలిసిస్ కావాలి. తలసీమియా తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు మొదలు నాలుగు వారాలకొకసారి రక్తమెక్కించాలి. రేపల్లె దాపున ఒక పల్లెనుండి గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళవలసిన రోగిని ఊహించండి. రేపల్లె వరకు ఆటో, తెనాలి మీదుగా రైలు, గుంటూరులో మళ్ళీ ఆటో, తోడు వచ్చినవారికి భోజనం. ఆ తోడు వ్యవసాయకూలీ అయినచో నాటి కూలి పోయినట్లే. ముందు చెవికమ్మలు తాకట్టుకు పోవును, తరువాత పాడిగేదె, ఆ పిమ్మట పిల్లవాని చదువు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన తీరమంతటినీ కుదిపినందున లోకమంతా చూచింది. ఒక్క ఇంటికి వచ్చిన ఉప్పెన పక్కవీధికి తెలియదు.

ఇక నిర్వహణ. పండుగలకు ముందు ఇల్లు దులిపే రోజులు సేకరణకు అనువైనవి. విద్యార్థులు హాస్టళ్ళు ఖాళీ చేసే వేళ బాపట్ల వంటి ఊళ్ళలో సైకిళ్ళు, బక్కెట్లు, పాఠ్యపుస్తకాలు సులభంగా లభిస్తాయి. బట్టలు ఉతికి ఇస్త్రీ చేయాలి. ఫ్యాను, మిక్సీ వంటివి తిప్పి చూపాలి. చిరిగినవి ఇచ్చేవారికి మర్యాదగా తిరిగి ఇచ్చివేయాలి. మందులు మాత్రం ఎవరిచ్చినా తీసుకొనరాదు, అమ్మరాదు. ధరను చీటీపై వ్రాసినా మనవారు బేరమాడక మానరు గనుక, ఆ మేరకు కొంత కలిపి వ్రాయుట లౌక్యం! మంచి వస్తువులను కార్యకర్తలు ముందుగా తమకు దాచుకొనరాదు. ఈ ఒక్క నియమం తప్పితే ఊరి నమ్మకం పోతుంది.

అన్నింటికన్న సున్నితమైనది రోగి పేరు. బిడ్డ ఫోటోతో ఫ్లెక్సీ కడితే అమ్మకం పెరుగవచ్చును. అయినా మేము దానికి సమ్మతింపము. పెండ్లి కావలసిన ఆడపిల్ల జబ్బు అంగట్లో పెడితే ఆ కుటుంబం సహాయమే వద్దంటుంది. పేర్లు ఇద్దరు బాధ్యులకే తెలిసియుండాలి. నోటీసుబోర్డులో వచ్చిన మొత్తము, ఖర్చు, సహాయం పొందిన కుటుంబాల సంఖ్య వ్రాస్తే చాలును. సొమ్మును మందుల బిల్లులకే పరిమితం చేయరాదు. ఆ ఇంటికి బియ్యం కూడా మందే.

సాయంత్రానికి మిగిలిన సామానును బండివానికి తూచి, ఆ వచ్చిన పైకమును కూడా అదే రోజు పుస్తకంలో జమ వ్రాయాలి.