చినుకు పడితే కారుకు ‘మిస్సింగ్’
ఎండగా ఉంటే కారు సాఫీగా నడుస్తుంది. నాలుగు చినుకులు పడితే కుదుపులు మొదలవుతాయి. కార్బొరేటరు ఉన్న పాత మారుతి 800 యజమానులకు పరిచితమైన బెడద ఇది. ఆ ఇంజినుకు ఉన్నవి 3 సిలిండర్లే. ఒకటి మొరాయిస్తే మూడింట ఒక వంతు శక్తి పోయినట్లే. లారీని దాటే వేళ అలా జరిగితే ప్రాణాపాయం.

ముందుగా కార్బొరేటరు విప్పించడం పరిపాటి. ఖర్చవుతుంది కానీ జబ్బు పోదు. తడికి పెరిగే మిస్సింగ్‌కు ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటరు మూతే తరచూ కారణం. రాత్రివేళ ఆరుబయట ఇంజిను నడుపుతూ బానెట్ ఎత్తి చూస్తే, విద్యుత్తు లీకయ్యే చోట నీలి మిణుకులు కనిపించవచ్చు. వైర్లను మాత్రం తాకరాదు, వాటిలో వేల వోల్టులుంటాయి. ఇంజిను ఆపాక మూత విప్పి, లోపల పగులు గానీ నల్లని గీత గానీ ఉంటే మార్చాలి. తుడిచి బిగిస్తే కొద్ది రోజులకే కథ మళ్లీ మొదటికొస్తుంది.

వేడెక్కాక మొదలై, చల్లారగానే మాయమయ్యే మిస్సింగ్ అయితే అనుమానించాల్సింది ఇగ్నిషన్ కాయిల్‌ను.