శత్రువు లేని చావు



యుద్ధంలో ఒక నావికుడు చనిపోయాడంటే శత్రువు చేతిలోనే పోయాడని అనుకుంటాం. కాని శత్రువు ఒక్క గుండు కూడా పేల్చకుండానే, పట్టపగలు, తమ పక్షపు ఓడే ఢీకొని మూడు వందల మందికి పైగా నావికులు చనిపోయిన ఘటన ఒకటుంది. అది 1942 అక్టోబరు 2న, ఐర్లండుకు ఉత్తరాన అట్లాంటిక్ సముద్రంలో జరిగింది.

ఆ రోజు బ్రిటన్‌కు చెందిన క్వీన్ మేరీ అనే ఓడ దాదాపు పదివేల మంది అమెరికన్ సైనికులతో స్కాట్లండు వైపు వస్తోంది. దాని పొడవు 1,019 అడుగులు. విమానదాడుల నుంచి దాన్ని కాపాడటానికి కురసోవా అనే యుద్ధనౌక ఎదురువెళ్ళి తోడు వచ్చింది. దీని పొడవు 450 అడుగులే.

సూటిగా పోయే ఓడకు గురిపెట్టడం జలాంతర్గామికి సులువు. అందుకని క్వీన్ మేరీ ముందే నిర్ణయించుకున్న లెక్క ప్రకారం కాసేపు కుడికి, కాసేపు ఎడమకు తిరుగుతూ, 28 నాట్లకు మించిన వేగంతో, అంటే గంటకు సుమారు 53 కిలోమీటర్లతో పోతోంది. కురసోవా వేగం 25 నాట్లే. అందువల్ల అది సూటిగా పోతోంది. వెనకనున్న పెద్ద ఓడ క్రమంగా దాన్ని సమీపించింది.

ఇక్కడే అసలు చిక్కు. ఇరుకు దారిలో ఇద్దరు మనుషులు ఎదురైతే, "అతడే తప్పుకుంటాడులే" అని ఇద్దరూ అనుకోవడం మీరు చూసే ఉంటారు. తోడు వచ్చిన నౌకే పక్కకు తొలగుతుందని క్వీన్ మేరీ కెప్టెన్ భావించాడు. వెనకనుంచి దాటిపోయే ఓడే తప్పుకోవాలన్నది సముద్రపు నియమమని కురసోవా కెప్టెన్ భావించాడు. మధ్యాహ్నం రెండు గంటలు దాటాక పెద్ద ఓడ ముక్కు చిన్న నౌకను రెండుగా చీల్చింది. కొద్ది నిమిషాల్లోనే అది మునిగిపోయింది.

క్వీన్ మేరీ ఆగలేదు. ఆగితే జలాంతర్గామికి దొరికిపోతుందని, ఎట్టి పరిస్థితిలోనూ ఆగవద్దని దానికి ముందే ఆజ్ఞ ఉంది. పదివేల ప్రాణాలు ఒకవైపు, చల్లని నీళ్ళలో ఈదుతున్నవారు మరొకవైపు. వెనకనున్న ఇతర నౌకలు వచ్చేసరికి గంటలు గడిచాయి. 101 మంది మాత్రమే బతికారు.

ఆ ఓడలోని ఒక కుర్ర నావికుణ్ణి తలచుకోండి. అతని తల్లికి కొడుకు లేడన్న కబురు చేరి ఉంటుంది. కాని ఆ ఓడ ఎలా మునిగిందన్నది యుద్ధం ముగిసేదాకా ప్రజలకు చెప్పలేదు. చూసినవారిని నోరు విప్పవద్దన్నారు. ఆ తరువాత తప్పెవరిదన్న వ్యాజ్యం కోర్టుకెక్కింది. తప్పంతా కురసోవాదేనని 1947లో మొదటి తీర్పు వచ్చింది. పై కోర్టు దాన్ని మార్చింది. చివరకు 1949లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా మూడింట రెండు వంతులు నౌకాదళానిదని, ఒక వంతు క్వీన్ మేరీ కంపెనీదని ఖాయపరిచింది.

దొరికిన కొన్ని దేహాలను స్కాట్లండులో పాతిపెట్టారు. దొరకనివారిలో ఎక్కువమంది పేర్లు ఇంగ్లండులోని చాథం స్మారకస్తంభం మీద చెక్కారు. క్వీన్ మేరీ 1967 నుంచి అమెరికాలోని లాంగ్ బీచ్ రేవులో ఉంది.

యుద్ధంలో కొన్ని రహస్యాలు తప్పవు. కాని బిడ్డను పంపిన తల్లికి నిజం ఒక బాకీ. ఆలస్యమైనా సరే, అది తీర్చవలసిందే.