నీళ్ల సంగతి చెప్పే పుస్తకాలు

చిత్రకారుడి జీవితం మీద తెలుగులో ఒక పుస్తకం వచ్చిందంటే దాని నడక చాలావరకు ముందే తెలిసిపోతుంది. పసితనంలో బొగ్గుముక్కతో గోడల మీద గీతలు, ఇంట్లో ఇబ్బందులు, ఎవరో పెద్దమనిషి కంట పడటం, పేరు రావడం, అర్ధాంతరంగా పోవడం. ఇళ్లలో అక్వేరియం పెట్టుకునేవాళ్ల కోసం వచ్చే చిన్న పుస్తకాలకూ ఒక మూస ఉంది. ముందు రంగురంగుల చేపల బొమ్మలు, వాటి పేర్లు, మేత, చివర్లో జబ్బులూ మందులూ. గ్రంథాలయంలో డ్యూయీ పద్ధతిలో సర్దితే చిత్రకారులు 759 దగ్గర, అక్వేరియం చేపలు 639 దగ్గర ఉంటాయి. మధ్యలో రెండు మూడు బీరువాలు అడ్డం. అయినా ఈ రెండు రకాల పుస్తకాలలో తరచుగా కనిపించే లోపం ఒక్కటే. కంటికి ఇంపైన ప్రాణిని చూపించి, అది బతికిన నీళ్లను వదిలేస్తాయి. చేపను బతికించేది నీళ్లయినట్టే, చిత్రకారుణ్ణి నిలబెట్టేవి అతనికి దొరికిన గురువు, డబ్బు, కాగితం, స్నేహితులు, చూసి మెచ్చుకునే కళ్లు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్ల పాఠకుడికి ఆ వదిలేసిన భాగమే ఎక్కువ అవసరం. ఎందుకంటే అక్కడి నీళ్లు వేరు, అక్కడి కళాచరిత్రా వేరు.

చేపల సంగతి ముందు చూద్దాం, అందులో రుజువులు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి. 1850లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయన శాస్త్రవేత్త లండన్‌లో ఒక గాజుపాత్రలో గోల్డ్‌ఫిష్‌లను, నీటిమొక్కను, నత్తలను కలిపి పెంచి, ఆ ప్రయోగాన్ని కెమికల్ సొసైటీకి నివేదించాడు. చేప వదిలినదాన్ని మొక్క వాడుకుంటుంది, కుళ్లినదాన్ని నత్త తింటుంది, నీళ్లు నిలకడగా ఉంటాయి అన్నది అతని ఆలోచన. 1854లో ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో ఈ సరదా ఇంగ్లండులో ఇంటింటికీ పాకింది. కానీ వారింగ్‌టన్‌కు కనపడని పనివాళ్లు ఆ పాత్రలో ఇంకా ఉన్నారు. చేప మొప్పల నుంచి, దాని మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడోది చాలా తక్కువ హాని. ఈ బ్యాక్టీరియాను 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ విడదీసి చూపించాడు. కొత్త తొట్టిలో అవి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజే డజను చేపలు వేసి, రెండో వారంలో ఒక్కొక్కటే తేలిపోతుంటే, షాపువాడు జబ్బు చేపలిచ్చాడని అనుకునేవాళ్లు ఎందరో. ఆ చేపల్లో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు, అవి తమ అమ్మోనియాలోనే చనిపోతాయి. మందుల జాబితాతో ముగిసే పుస్తకం ఇక్కడ పాఠకుడికి సాయం చేయకపోగా, పచ్చరంగు మందో నీలిరంగు మందో పోయించి ఉన్న కాస్త బ్యాక్టీరియానూ చంపిస్తుంది.

ఇక మన మూడు ఊళ్ల నీళ్లు. అది రాతినేల. కరువు ముదిరేకొద్దీ బోర్లు వందల అడుగులు దాటి, కొన్నిచోట్ల వెయ్యి అడుగులకూ దిగాయి. ఆ లోతుల నుంచి వచ్చే నీళ్లలో కాల్షియం, బైకార్బనేట్లు ఎక్కువ, అంటే గట్టినీళ్లు. బకెట్ల మీద, గీజర్లలో తెల్లటి పొర కట్టే ఈ నీళ్లనే జనం ఉప్పునీళ్లంటారు. వీటి పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, సాధారణంగా 7 కంటే పైనే ఉంటుంది. ఆ అంకె మీద చేప ప్రాణం ఆధారపడుతుంది. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర, నీటిలోని మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక పాలు కూడా కాదు. పీహెచ్ 8కి వస్తే అది నూటికి ఐదు పాళ్లు దాటుతుంది. అంటే మెత్తటి నీళ్ల ఊళ్లో గట్టెక్కిన నిర్లక్ష్యం బోరునీళ్ల ఊళ్లో చేపను చంపుతుంది. ఈ ప్రాంతపు షాపులకు చేపలు ఎక్కువగా మద్రాసు కొళత్తూరు నుంచో బెంగళూరు నుంచో ప్లాస్టిక్ సంచుల్లో రావాలి. మూతికట్టిన సంచిలో చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు పేరుకుని పీహెచ్ పడిపోతుంది, అందువల్ల అమ్మోనియా ఉన్నా అంతగా బాధించదు. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోతుంది, పీహెచ్ లేస్తుంది, నిద్రపోతున్న విషం మేలుకుంటుంది. అందుకే సంచిని కట్టు విప్పకుండా పది పదిహేను నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, వేడి సమానమయ్యాక విప్పి, చేపను మాత్రం వలతో తీసి వదలాలి. సంచిలో నీళ్లు పారబోయాలి. మన ఇళ్లలో మామూలుగా జరిగేది మాత్రం సంచి విప్పి, గంటసేపు అలాగే ఉంచి, ఆ నీళ్లతో సహా తొట్టిలో ఒంపేయడం.

ఉప్పునీళ్ల బాధ తప్పించుకోవడానికి మినరల్ వాటర్ క్యాన్లు పోసేవాళ్లూ ఉన్నారు. మనిషికి మంచిదైతే చేపకూ మంచిదే కదా అన్న ప్రేమే దానికి కారణం. కానీ ఆర్‌ఓ యంత్రంలో పడి వచ్చిన నీళ్లలో ఖనిజాలు చాలావరకు పోతాయి. పీహెచ్‌ను నిలకడగా పట్టి ఉంచే బైకార్బనేట్లే లేకపోతే కొద్దిరోజుల్లో అది ఒక్కసారిగా కుంగవచ్చు. అంతకంటే తెలివైన దారి ఉన్న నీళ్లకు తగిన చేపను ఎంచుకోవడం. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ గట్టినీళ్లను ఇష్టపడే చేపలు. నియాన్ టెట్రా, డిస్కస్ అమెజాన్ మెత్తటి నీళ్లవి. పుంగనూరు పొట్టి ఆవు ఆ మెట్టనేలలో, ఎండుగడ్డి మీద, తక్కువ మేతతో పాలిచ్చేలా తరతరాలుగా తయారైంది. ఆ సంగతి తెలిసిన ఊరికి చేపల విషయంలో ఈ తర్కం కొత్తగా చెప్పనక్కర్లేదు. మున్సిపల్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రాత్రి బకెట్లో నిలవ ఉంచడమో, యాంటీ క్లోరిన్ చుక్కలు వేయడమో చాలు. వారానికి నాలుగోవంతు నీళ్లు మార్చాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాకుండా తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి, బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది అందులోనే కాబట్టి.

చలి సంగతి వేరే చెప్పాలి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్న మదనపల్లెలో, ఆ పీఠభూమి మీదే ఉన్న మిగతా రెండు ఊళ్లలో, జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. సముద్రతీరపు వేడికి అలవాటుపడిన చేప ఆ చలికి నీరసించినప్పుడు తెల్లచుక్కల జబ్బు అంటుకుంటుంది. ఒంటి మీద రవ్వ చల్లినట్టు కనిపించే ఆ చుక్కలు ఒక సూక్ష్మ పరాన్నజీవివి. అది చర్మం కింద ఉన్నంతసేపూ మందు దాన్ని తాకలేదు. పెరిగాక రాలి, అడుగున గూడు కట్టుకుని, వందలాది పిల్లలుగా చీలి మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదుతుంది. మందు పనిచేసేది ఈదుతున్న ఆ కొద్ది గంటల్లోనే. చుక్కలు మాయమవగానే మందు ఆపేసేవాళ్లకు జబ్బు వారం తిరక్కుండా రెట్టింపుగా వచ్చేది అందుకే. 25 డిగ్రీల్లో ఈ చక్రం సుమారు వారంలో తిరుగుతుంది, చలిలో వారాలకొద్దీ సాగుతుంది. లీటరుకు ఒక వాట్ చొప్పున చిన్న హీటరు పెట్టి నీళ్లను 26 డిగ్రీల దగ్గర నిలిపితే జబ్బు రాకడ తగ్గుతుంది, వచ్చినా వైద్యానికి పట్టే కాలం తగ్గుతుంది. కోస్తా ఊళ్లనో పైదేశాలనో మనసులో పెట్టుకుని రాసిన పుస్తకాన్ని మక్కీకిమక్కీ పాటిస్తే మదనపల్లె పాఠకుడు నష్టపోతాడన్నది ఇందుకే.

ఇప్పుడు చిత్రకారుల దగ్గరికి వద్దాం. దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. 1925 ఫిబ్రవరిలో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, మశూచితో పోయాడు. 'సిద్ధార్థ రాగోదయం' లాంటి చిత్రాలు ఆ కొద్ది ఏళ్లలోనే గీశాడు. ఈ మూడు వాక్యాల్లో కన్నీళ్లకు చాలినంత ఉంది, అతని గురించి చెప్పేవాళ్లు చాలామంది వీటి చుట్టూ తిరిగేదీ అందుకే. కానీ వివరణ కావలసినవి ఇవి కావు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా బొమ్మలు వేసేవాడు, కుర్రవాళ్లను వెంటేసుకుని గోదావరి గట్లు తిరిగి చూడటం నేర్పాడు, రామారావు 1916లో బొంబాయి జేజే స్కూలుకు వెళ్లడానికి అండగా నిలిచాడు. అడివి బాపిరాజు కూడా ఆ గురువు చేతి కిందివాడే. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులు. అతను పోయాక అతను పెట్టిన బొమ్మల బడిని స్నేహితుడు వరదా వెంకటరత్నం నడిపాడు, బొమ్మలు చెదిరిపోకుండా రాజమండ్రి చిత్రశాలలో నిలిచాయి. ఒక ఉపాధ్యాయుడు, ఒక కళాశాల, ఇద్దరు స్త్రీలు, ఒక స్నేహితుడు. వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా మన ముందు రామారావు ఇలా ఉండేవాడు కాదు. అతని జీవితానికి వీళ్లు అనుబంధం కారు. పుస్తకంలో సగం పేజీలు వీళ్లకు దక్కాలి.

మదనపల్లెకు ఇలాంటి చరిత్ర ఉంది, దాన్ని చిత్రకళ వైపు నుంచి రాసుకోవడంలోనే వెనకబడ్డాం. అనిబిసెంట్ పిలుపు మీద 1915లో ఈ దేశానికి వచ్చిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్, డబ్లిన్‌లో 1916 ఈస్టర్ తిరుగుబాటు చేసినవాళ్లను మెచ్చుకుంటూ రాసి 'న్యూ ఇండియా' పత్రికలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అప్పుడు చేరింది మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అక్కడికి వచ్చి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చడం, మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరం రాసిపెట్టడం అందరూ చెప్పుకునేవే. అంతగా చెప్పుకోనిది, కజిన్స్ దక్షిణాదిలో బొమ్మలు చూసే కళ్లను తయారుచేయడం. బెంగాల్ చిత్రకారుల గురించి రాశాడు, మైసూరు జగన్మోహన ప్యాలెస్ చిత్రశాలకూ, 1935లో తిరువనంతపురంలో తెరిచిన శ్రీ చిత్రాలయానికీ చేయి కలిపాడు. చివరికి 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. దంపతులిద్దరూ కలిసి రాసుకున్న ఆత్మకథ 1950లో మద్రాసులో అచ్చయింది. చిత్రకారుడు కాని ఒక మనిషి చిత్రకళకు ఏం చేయగలడో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఈ ప్రాంతంలో దొరకదు. పాత చిత్తూరు జిల్లా నాగలాపురంలో, బొమ్మలు చేసే ఊళ్లో బాల్యం గడిపి, మద్రాసు స్కూల్లో దేవీప్రసాద్ రాయ్‌చౌదురి దగ్గర చదివి, కళాక్షేత్రంలో పిల్లలకు బొమ్మలు నేర్పిన కె. శ్రీనివాసులు జీవితాన్నీ ఈ దృష్టితోనే చూడాలి. లేపాక్షి గోడల మీది రేఖలు, కొయ్యబొమ్మల రంగులు అతని కాన్వాసు మీదికి ఏ దారిన వచ్చాయో ఊళ్ల పేర్లతో, బడుల పేర్లతో చెబితేనే అర్థమవుతుంది.

ఇలా రాస్తే జీవితచరిత్ర పొడిగా తయారవుతుందని, మామూలు పాఠకుడికి కావలసింది కథేనని ఒక ఆక్షేపణ ఉంది. వాన్‌గో సంగతి దీనికి జవాబు. 1934లో ఇర్వింగ్ స్టోన్ రాసిన నవల అతని వేదనను లోకమంతా తెలిసేలా చేసింది, అది చిన్న సేవ కాదు. కానీ అతను రాసినవాటిలో మిగిలిన ఎనిమిది వందల పైచిలుకు ఉత్తరాలు చదివితే కనపడేది ఇంకో మనిషి. తమ్ముడు థియో పంపిన డబ్బు ఎంతకు సరిపోయింది, ఏ రంగు ట్యూబులు ఎన్ని కావాలి, కాన్వాసు ఎన్ని మీటర్లు, మోడలుకు ఎంతివ్వాలి, ఈ పసుపు పక్కన ఆ నీలం ఎలా నిలిచింది. ఆ లెక్కలు చదువుతుంటే గుండె పట్టేస్తుంది, నవలలో కంటే ఎక్కువగా. ఆ ఉత్తరాలను 1914లో అచ్చుకు తెచ్చింది థియో భార్య జో. భర్త పోయి, చంకలో పసివాడితో, అమ్ముడుపోని వందల బొమ్మలను మోసుకుంటూ ఆమె పడిన శ్రమ లేకపోతే అంత కీర్తి వచ్చేదా అన్నది అడగవలసిన ప్రశ్న. లెక్కలు కథను చంపవు.

ఇంకో ఆక్షేపణ బరువైనది. ఒకే గురువు దగ్గర, ఒకే ఊళ్లో పదిమంది చదివితే ఒక్కడే రామారావు అయ్యాడు కదా, పరిసరాలు ప్రతిభను ఎలా వివరిస్తాయని. వివరించవు, ఒప్పుకోవాలి. మంచి నీళ్లు పోసినంత మాత్రాన గప్పీకి తోక పెరగదు. కానీ ప్రతిభ ఎక్కడి నుంచి వచ్చిందో ఏ రచయితా ఆధారం చూపి చెప్పలేడు. అది ఎందుకు ఎండిపోలేదో మాత్రం చెప్పగలడు. ఆ రెండో ప్రశ్న మీద ఊరు ఏమైనా చేయగలదు కూడా. బడిలో డ్రాయింగ్ మాస్టారి పోస్టు ఖాళీగా ఉంచాలా నింపాలా అన్నది జనం చేతిలో ఉన్న విషయం.

ఫోనులో వీడియోలు ఉండగా పుస్తకాలు ఎందుకన్నది మూడో మాట. చేప తేలుతున్నప్పుడు వీడియో వెతికితే అప్పటికి ఏ మందు పోయాలో దొరుకుతుంది. తొట్టి కొనకముందు ఆరు వారాల ఓర్పు గురించి, మీ ఊరి బోరునీళ్ల గురించి, జనవరి చలి గురించి వరసగా చెప్పే ఓపిక పుస్తకానికే ఎక్కువ. అలాంటివి తెప్పించడానికి ఏర్పాటు లేకపోలేదు. 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా జనమే కడుతున్నారు. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ఒకచోట చేరిన ఆ ప్రాంగణం కజిన్స్ దంపతుల ఆత్మకథనూ, కూల్డ్రే 1924లో దక్షిణాది మీద అచ్చువేసిన పుస్తకాన్నీ వివరమైన టిప్పణులతో తెలుగులో అందించడానికి తగిన చోటు. చేపల పుస్తకానికి పశువైద్యులూ మత్స్యశాఖవాళ్లూ కలిసి కూర్చుంటే చాలు. మొదటి అధ్యాయంలో చేపల బొమ్మలు వద్దు. మూడు ఊళ్లలో వార్డువారీగా బోరునీళ్ల, కుళాయి నీళ్ల పీహెచ్, గట్టిదనం కొలిచి ఒక పట్టిక వేయాలి. దాని పక్కనే ఆ నీళ్లకు సరిపడే చేపల పేర్లు రాయాలి. ఆ కొలతలకు కావలసిన చిన్న కిట్లు అక్వేరియం షాపుల్లోనే దొరుకుతాయి, హైస్కూలు పిల్లలు ఒక ఆదివారం పూట చేయగలిగిన పని.