లక్షన్నర పెట్టి సౌండ్ సిస్టమ్ కొనే ముందు మీ గదిలో ఒకసారి చప్పట్లు కొట్టండి

ఈ ఎపిసోడ్ ఒక్క మెసేజ్ వల్ల చేస్తున్నా. గచ్చిబౌలిలో జాబ్ చేసే ఒక తమ్ముడు పంపాడు. "అన్నా, బోనస్ వచ్చింది. లక్షన్నర పక్కన పెట్టిన. ఇంకో లక్ష ఈఎంఐలో తీసుకుంటా. లిస్టు చూసి చెప్పు" అని. లిస్టులో ఏమున్నాయంటే, 24-బిట్ హై-రెస్ స్ట్రీమర్, విడిగా ఒక డ్యాక్, వెండి పూత కేబుల్స్, గోడ ప్లగ్గు నుంచి డబ్బాకి వచ్చే స్పెషల్ పవర్ కేబుల్. ఇవన్నీ అయిపోయాక, చివర్లో, మిగిలిన డబ్బుతో స్పీకర్లు. గది ఫొటో కూడా పెట్టాడు. పది బై పన్నెండు బెడ్‌రూమ్. కింద టైల్స్, గోడలకి పుట్టీ, పైన స్లాబ్. కిటికీకి కర్టెన్ కూడా లేదు.

తమ్ముడూ, ఆ లిస్టు తిరగేసి రాయి. కింద ఉన్నది పైకి రావాలి, లిస్టులోనే లేని గది అన్నిటికంటే పైన ఉండాలి. ఎందుకో లెక్కతో చెప్తా.

ముందు ఈ 24-బిట్ సంగతి చూద్దాం. డిజిటల్ ఆడియోలో ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెల్స్ ఇస్తుంది. అంటే ఫైల్‌లో పట్టే అతి చిన్న శబ్దానికీ, అతి పెద్ద శబ్దానికీ మధ్య ఉండే దూరం. 1982లో వచ్చిన సీడీ 16-బిట్, కాబట్టి 96 డెసిబెల్స్. 24-బిట్ అంటే పేపర్ మీద 144. వినడానికి బాగుంది. కానీ ఆ దూరం మీ గదిలో పడుతుందా?

మీకు తెలుసు కదా, ఈ వీడియోలు మామిడిపల్లిలో మా ఇంట్లోనే తీస్తా. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పక్కనే. అక్కడి రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. వానాకాలంలో పడమటి గాలి కాబట్టి సాధారణంగా తూర్పు వైపు నుంచి దిగుతాయి. చలికాలంలో గాలి తిరిగితే తూర్పు వైపుకి లేస్తాయి. లేచేటప్పుడు ఇంజన్ జోరు మీద ఉంటుంది, అందుకని మోత ఎక్కువ. రికార్డింగ్ ఆపుడు, విమానం పోయినంక మళ్ళీ మొదలుపెట్టుడు, నాకు రోజూ ఇదే పని.

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి చూశా. యాప్ కాబట్టి అటూ ఇటూ అవుతుంది, అయినా లెక్కకి చాలు. అర్ధరాత్రి ఫ్యాన్ ఆపితే 35 దగ్గర. ఫ్యాన్ వేస్తే 45. విమానం పోతుంటే, కిటికీ మూసి ఉన్నా, 60 దాటుతుంది. ఇప్పుడు 35నే తీసుకుందాం. సీడీలో ఉన్న అతి చిన్న శబ్దం ఆ గదిలో వినపడాలంటే మోటుగా ఆ 35 పైకి రావాలి. అప్పుడు అదే పాటలో పెద్ద శబ్దం 35 ప్లస్ 96, అంటే 131 డెసిబెల్స్. 120 దాటితేనే చెవులు నొప్పి పుడతాయి. అంటే మామూలు సీడీలో ఉన్నదే మన ఇంట్లో పూర్తిగా వాడలేం. ఇంకా 48 డెసిబెల్స్ ఎక్కువ ఇస్తా అని ఒకడు వస్తే, దాన్ని ఎక్కడ పెట్టుకుంటాం? పాట రికార్డ్ చేసే స్టూడియోలో 24-బిట్ అవసరం, మిక్సింగ్‌లో దానితో పనుంది. వినేవాడికి కాదు.

"లేదన్నా, తేడా నేను విన్నా" అంటారు కొందరు. దీన్ని బయటివాళ్ళు పరీక్ష పెట్టి చూశారు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో ఒక పేపర్ వేశారు. హై-రెస్ డిస్క్ ఒకవైపు, అదే సౌండ్‌ని సీడీ క్వాలిటీకి దించింది ఇంకోవైపు. ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. మొత్తం 554 సార్లు అడిగితే, కరెక్ట్‌గా చెప్పింది సగం కంటే ఒక్కటి తక్కువ. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది.

మరి షోరూమ్‌లో తేడా ఎందుకు తెలుస్తుంది? ఇక్కడ అసలు కిటుకు వాల్యూమ్. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనేవాళ్ళు కొలిచి చూపించారు. సౌండ్ తగ్గే కొద్దీ మన చెవికి బేస్ ఎక్కువగా పడిపోతుంది, సన్నని శబ్దాలు కూడా కొంత తగ్గుతాయి. పెంచే కొద్దీ అవి తిరిగొస్తాయి. అందుకని రెండు డబ్బాల్లో ఒకటి ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా, "ఇది పెద్దగా ఉంది" అని మనకి అనిపించదు. "ఇది నిండుగా ఉంది, క్లియర్‌గా ఉంది" అనిపిస్తుంది. అమ్మేవాడు మోసం చేయాలనుకోనక్కర్లేదు, ఖరీదైన డబ్బాకి ఔట్‌పుట్ కొంచెం ఎక్కువ ఉన్నా చాలు. ఈసారి షోరూమ్‌కి పోతే రెండిటి వాల్యూమ్ మీటర్‌తో సమానం చేయించి వినండి. వాళ్ళు చేయం అంటే, అక్కడ తేల్చుకోకుండా ఇంటికొచ్చేయండి.

కేబుల్స్ గురించి రెండు ముక్కలు. యూఎస్‌బీ కేబుల్‌లో పోయేది అంకెలు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఇది గట్టిగా చెప్తా. ఒక బిట్ తప్పుపోతే టక్‌మని వినిపిస్తుంది, లేదా పాట తెగుతుంది. సింగర్ గొంతులో తీపి తగ్గడం జరగదు. ఇక స్పీకర్ వైరు. ఇంట్లో ప్లగ్గులకి ఎలక్ట్రీషియన్ లాగే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు తీసుకోండి. 5 మీటర్ల దూరానికి, పోనూ రానూ కలిపి, దాని రెసిస్టెన్స్ సుమారు 0.07 ఓమ్. స్పీకర్‌ది 8 ఓమ్. ఒక్క శాతం కూడా కాదు. కోఠి గుజరాతీ గల్లీలో ఆంప్లిఫైయర్లు బిగించేవాళ్ళకి ఇది ఎప్పటినుంచో తెలిసిన విషయమే.

ఇప్పుడు గది. అసలు సినిమా ఇక్కడుంది.

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్ట కొట్టండి. చివర్లో "ట్ర్ర్" అని సన్నగా రేకు మోగినట్టు వచ్చిందా? అది రెండు ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకోవడం. మన ఇళ్ళు వేడికి తగ్గట్టు కట్టుకున్నవి. టైల్స్, గ్రానైట్, సిమెంటు ప్లాస్టర్. చల్లగా ఉంటాయి, కడగడానికి సులువు, కానీ శబ్దాన్ని ఒక్క చుక్క కూడా తాగవు. స్పీకర్ నుంచి నేరుగా వచ్చిన పాట ఒకటి, గోడలు తిప్పి కొట్టిన పాటలు పది, అన్నీ కలిసి చెవిలో పడతాయి. మాటలు అలికేసినట్టు అయిపోతాయి.

బేస్ కథ ఇంకా మొండిది. నీళ్ళ బిందె ఎత్తుకుని నడిచారా ఎప్పుడైనా? మీ నడక ఒక లయలో పడితే నీళ్ళు ఊగి ఊగి పైకి చిమ్ముతాయి. నడక కొంచెం మారిస్తే ఆగిపోతాయి. ఆ బిందెకి తన సొంత ఊపు ఒకటుంది. గదికి కూడా ఉంటుంది. శబ్దం వేగం సెకనుకి 343 మీటర్లు. దాన్ని గోడకీ గోడకీ మధ్య దూరానికి రెట్టింపుతో భాగించండి. పది అడుగులంటే 3.05 మీటర్లు, కాబట్టి 56 హెర్ట్జ్. పన్నెండు అడుగులకి 47. ఇప్పుడు స్లాబ్ ఎత్తు ఎంత? మన దగ్గర చాలా ఇళ్ళల్లో పదడుగులే. అంటే మళ్ళీ 56! వెడల్పూ ఎత్తూ ఒకే ఊపు మీద కలిశాయి. బేస్ గిటార్‌లో ఏ తీగని ఊరికే మీటితే వచ్చేది 55 హెర్ట్జ్. పాటలో ఆ ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా గదంతా గుమ్మని మోగుతుంది, పక్క స్వరానికి ఏమీ ఉండదు. మనమేమో "స్పీకర్‌లో బేస్ కంట్రోల్ లేదు" అని తిట్టి ఇంకోటి కొంటాం. అది కూడా అలాగే మోగుతుంది.

ఇంకా తమాషా ఏంటంటే, ఇది మీరు కూర్చునే చోటుని బట్టి మారుతుంది. గోడకి ఆనించిన మంచం మీద కూర్చుంటే ఆ మోత ఎక్కువ. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే అదే బేస్ దాదాపు మాయం. గది పొడవులో మూడో వంతు దగ్గర కూర్చుంటే చాలా వరకు కుదురుతుంది. పైసా ఖర్చు లేదు, కుర్చీ జరపడమే. సబ్‌వూఫర్ ఉంటే ఇంకో పని చేయండి. దాన్ని మీరు కూర్చునే చోట పెట్టి పాట వేసి, గది అంచుల వెంట పాకుతూ వినండి. ఎక్కడ బేస్ సమంగా వినపడిందో అక్కడ సబ్‌వూఫర్ పెట్టండి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

గోడలకి గుడ్ల ట్రే లాంటి అంగుళం ఫోమ్ అతికించే రీల్స్ చూసే ఉంటారు. 56 హెర్ట్జ్ అల పొడవు ఆరు మీటర్లు. అంగుళం ఫోమ్ దాన్ని ఏం ఆపుతుంది? అది సన్నని శబ్దాలనే తాగుతుంది. అప్పుడు గది మందకొడిగా అయి, బేస్ మోత అలాగే మిగులుతుంది. దానికంటే మందమైన దూది బొంత మేలు. అది ఎక్కడ పెట్టాలో తెలియడానికి, మీరు మీ చోట కూర్చుని, తమ్ముణ్ణో చెల్లినో అద్దం పట్టుకుని పక్క గోడ వెంట జరపమనండి. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనపడిందో అక్కడే గోడ పాటని మీ మీదకి తిప్పి కొడుతోంది. బొంతకి సరైన చోటు అదే.

బయటి మోతకి మాత్రం బొంతలు పనికిరావు. దానికి బరువు కావాలి, సందులు మూయాలి. స్లైడింగ్ కిటికీ అంచులకీ, తలుపు కిందకీ రబ్బరు పట్టీలు వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

విమానం మోత అనగానే అమర్ బోస్ గుర్తొస్తాడు. వాళ్ళ నాన్న బెంగాల్ నుంచి వెళ్ళిన స్వాతంత్ర్య పోరాటం మనిషి. కొడుకు 1956లో ఎంఐటీలో చదువుతూ మంచి స్టీరియో ఒకటి కొన్నాడు. స్పెసిఫికేషన్లు అదిరాయి, సౌండ్ మాత్రం కచేరీలా లేదు. ఎందుకు లేదు అని తవ్వితే, హాల్లో మనం వినేదాంట్లో ఎక్కువ భాగం గోడల మీంచి తిరిగొచ్చిందేనని తేలింది. అంటే ఆయన కూడా చివరికి గది దగ్గరికే వచ్చాడు. 1964లో కంపెనీ పెట్టాడు. 1978లో జూరిక్ నుంచి బోస్టన్ పోతూ విమానంలో హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంజన్ మోతలో పాట మునిగిపోయింది. అక్కడే కూర్చుని నాయిస్ క్యాన్సిలింగ్‌కి లెక్కలు మొదలుపెట్టాడు. మామూలు జనానికి ఆ హెడ్‌ఫోన్ 2000లో అందింది.

ఇది ఎందుకు చెప్తున్నా అంటే, మోత ఉన్నచోట మనం చేసే మొదటి పని వాల్యూమ్ పెంచడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం అవుతుంది. 90కి చేరితే వారానికి 4 గంటలే. రోజూ బస్సులో ఇయర్‌బడ్స్ ఫుల్‌లో పెట్టుకునేవాళ్ళకి ఆ 4 గంటలు బుధవారానికే అయిపోతాయి. చెవి లోపల పోయిన కణాలు మళ్ళీ పుట్టవు. అప్పుడు ఎంత డబ్బు పెట్టి ఏ డ్యాక్ కొన్నా వినేదెవరు?

సరే, తమ్ముడి లక్షన్నర. ఈఎంఐ వద్దు. పాతిక వేలు గదికి: మందం కర్టెన్, నేల మీద పెద్ద కార్పెట్, రబ్బరు పట్టీలు, కొలిచే యూఎస్‌బీ మైకు ఒకటి. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, దాంతో ఆ 56 దగ్గర గుట్ట ఎంత ఎత్తుందో చూసి ఈక్వలైజర్‌లో తగ్గించొచ్చు. గుట్టని తగ్గించొచ్చు గానీ గుంటని పూడ్చలేం, దానికి కుర్చీ జరపాల్సిందే. 90 వేల దాకా స్పీకర్లకి, మిగిలింది ఆంప్లిఫైయర్‌కి. డ్యాక్ కావాలంటే ఫోన్‌కి తగిలించే చిన్న డాంగిల్ చాలు.

తమ్ముడు వెంటనే రిప్లై పెట్టాడు: "అన్నా, అమ్మ గోడకి బొంత కట్టనియ్యదు." కట్టనియ్యదు, నిజమే. అమ్మతో గొడవ వద్దు. అద్దంలో స్పీకర్ కనపడిన చోట పుస్తకాల షెల్ఫ్ పెట్టు, లేదంటే బట్టల అల్మరా తలుపు తెరిచి పాట విను. చీరలు మస్తు పనిచేస్తాయి. ముందు, తర్వాత కొలిచి రెండు గ్రాఫులూ పంపు, స్క్రీన్ మీద పెట్టి చూద్దాం. ఉంటా మరి.