చదువు కోసం ఊరు మారే ముందు

విసాపూర్‌లోనూ, దాని పొరుగున ఉన్న బల్లార్‌పూర్‌లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ప్రతి వేసవిలో ఒక ప్రశ్న ఎదురవుతుంది. పదో తరగతి, పన్నెండో తరగతి ముగించిన పిల్లలను ఎక్కడ చదివించాలి? ఇంటి నుండే రాకపోకలు సాగించనివ్వాలా, వసతిగృహంలో చేర్చాలా, లేక కుటుంబమంతా కళాశాలలున్న మరో చిన్న పట్టణానికి తరలిపోవాలా? కాగితపు మిల్లును, బొగ్గు గనులను, రైల్వేను నమ్ముకొని ఈ ప్రాంతానికి వచ్చిన మనవారిలో అనేకుల ఆదాయం పరిమితమైనది. నాగపూర్, హైదరాబాదు వంటి నగరాల వ్యయం భరించలేనివారు చిన్న పట్టణాల వైపు చూడడం సహజం.

ఒక ఊరు చౌకయినదా కాదా అని తేల్చడానికి మనం మొదట ఇంటి అద్దెను విచారిస్తాము. విచారించవలసినదే గాని, అది మొదటి ప్రశ్న కాదు. ప్రభుత్వ కళాశాలలో సీటు, ఫీజు రాయితీ, రిజర్వేషన్ అనే మూడూ విద్యార్థి ఏ రాష్ట్రంలో చదివాడు, కుటుంబానికి ఏ రాష్ట్రపు అధివాసం ఉన్నది అనే విషయాలపై ఆధారపడి ఉంటాయి. అద్దెలో నెలకు వెయ్యి రూపాయలు మిగుల్చుకొని ప్రభుత్వ సీటును పోగొట్టుకున్న కుటుంబానికి ఆ పొదుపు ఏ మూలకూ చాలదు. అందుచేత ముందుగా హక్కును, ఆ తరువాత ఖర్చును లెక్కించుకొనే క్రమంలో ఈ వ్యాసం సాగుతుంది.

సరిహద్దు దాటితే మారేవి

బల్లార్షా నుండి కాజీపేటకు రైలు మార్గం దాదాపు 235 కిలోమీటర్లు. పక్కనే ఉన్న రాజూరా 1956కు పూర్వం హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో భాగం. పెళ్లిళ్లకు, పండుగలకు అటూ ఇటూ తిరిగే మన కుటుంబాలకు ఈ సరిహద్దు పెద్ద అడ్డంకిగా తోచదు. ప్రవేశాల నిబంధనలకు మాత్రం అది గట్టి గీత.

మహారాష్ట్రలో వైద్యవిద్యకు సంబంధించిన రాష్ట్ర కోటా సీటు పొందాలంటే, సాధారణ నియమం ప్రకారం విద్యార్థి పదో తరగతి, పన్నెండో తరగతి రెండూ ఈ రాష్ట్రంలోనే ఉత్తీర్ణుడై, ఇక్కడి అధివాస ధ్రువపత్రం కలిగి ఉండాలి. ఇంజినీరింగులో కొంత వెసులుబాటు ఉన్నది. ఈ రెండు పరీక్షలూ ఇక్కడ రాసి, ఇక్కడే పుట్టిన లేదా ఇక్కడి అధివాసం గల విద్యార్థులు మొదటి వర్గంలోకి వస్తారు. అలా రానివారికి, తమకు గాని తండ్రికి గాని తల్లికి గాని మహారాష్ట్ర అధివాసం ఉంటే మరొక వర్గంలో అవకాశం లభిస్తుంది. అధివాస ధ్రువపత్రానికి సాధారణంగా 15 సంవత్సరాల నివాసాన్ని నిరూపించవలసి ఉంటుంది.

తెలంగాణలో నియమం వేరు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుల నుండి వచ్చిన పద్ధతి ప్రకారం అక్కడ 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయిస్తారు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాలు అక్కడ చదివిన విద్యార్థి స్థానికుడు. అంటే, ఇంటర్మీడియట్ అర్హతగా గల కోర్సులకు తొమ్మిదో తరగతి నుండి అక్కడే చదివి ఉండాలి.

వరంగల్, నాగపూర్ వంటి జాతీయ సాంకేతిక సంస్థలది మూడో పద్ధతి. వాటిలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారివి. విద్యార్థి పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణుడైతే అదే అతని సొంత రాష్ట్రం. పుట్టిన ఊరు, మాతృభాష ఇందులో లెక్కకు రావు.

ఈ మూడు నియమాలను ఒక ఉదాహరణకు అన్వయించి చూడండి. బల్లార్‌పూర్‌లో పదో తరగతి పూర్తి చేసిన ఒక అమ్మాయిని ఇంటర్మీడియట్ కోసం రెండేళ్లు హనుమకొండకు పంపారనుకుందాం. ఆమె అక్కడ నాలుగేళ్లు చదవలేదు గనుక తెలంగాణ స్థానికురాలు కాదు. పన్నెండో తరగతి ఇక్కడ రాయలేదు గనుక సాధారణ నియమం ప్రకారం మహారాష్ట్ర వైద్యవిద్య కోటాకు దూరమవుతుంది. జాతీయ సాంకేతిక సంస్థల లెక్కలో వరంగల్ ఆమెకు సొంత రాష్ట్రపు సంస్థ అవుతుంది, నాగపూర్ పరాయిదవుతుంది. మంచి చదువు కోసమే తీసుకున్న నిర్ణయం ఆమెను రెండు రాష్ట్రాల వైద్యవిద్య సీట్లకూ వెలుపల నిలబెట్టవచ్చును. అఖిల భారత కోటా సీట్లు మాత్రం ఈ షరతులతో నిమిత్తం లేకుండా అందరికీ తెరచి ఉంటాయి.

కనుక తెలంగాణకు తిరిగి వెళ్లదలచిన కుటుంబం పిల్లల తొమ్మిదో తరగతి ఆరంభానికి ముందే వెళ్లడం మేలు. ఇక్కడే ఉండదలచినవారు పన్నెండో తరగతి వరకు ఇక్కడే చదివించడం మేలు. నష్టం ఎక్కువగా జరిగేది పదో తరగతికీ పన్నెండో తరగతికీ నడుమ సరిహద్దు దాటినప్పుడే. బదిలీపై వచ్చే ప్రభుత్వోద్యోగుల పిల్లలకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నియమాలు ఏటేటా సవరణకు లోనవుతాయి గనుక, ఆ సంవత్సరపు ప్రవేశ సమాచార పుస్తికను చూడకుండా నిర్ణయం తీసుకోరాదు.

కుల ధ్రువపత్రం ఎంతవరకు వెంట వస్తుంది?

తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బాల్యంలోనే ముంబయికి వచ్చిన ఒక తెలుగు విద్యార్థి అక్కడి వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగల సీటు కోరాడు. అతని కులం ఆంధ్రప్రదేశ్‌లో ఆ జాబితాలో ఉన్నది, మహారాష్ట్రలో లేదు. 1990లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యంలో తీర్పునిస్తూ, ఒక రాష్ట్రంలో లభించిన షెడ్యూల్డు హోదా వలస వెళ్లిన మరో రాష్ట్రానికి దానంతట అది వెంట రాదని స్పష్టం చేసింది.

మహారాష్ట్ర ప్రభుత్వం ఇందుకు నిర్దిష్టమైన తేదీలను పాటిస్తుంది. షెడ్యూల్డు కులాలకు 10 ఆగస్టు 1950, షెడ్యూల్డు తెగలకు 6 సెప్టెంబరు 1950, విముక్త జాతులకూ సంచార తెగలకూ 21 నవంబరు 1961, ఇతర వెనుకబడిన వర్గాలకు 13 అక్టోబరు 1967. కుటుంబం ఆ తేదీ నాటికే ఈ రాష్ట్రంలో నివసిస్తున్నదని పాత పత్రాల ద్వారా చూపవలసి ఉంటుంది. తాతగారి బడి దాఖలా, మిల్లు లేదా గని ఉద్యోగ పత్రం, పాత భూమి రికార్డు వంటివి ఇక్కడ అక్కరకు వస్తాయి. ఇంట్లో పాత పెట్టెల అడుగున ఉన్న కాగితాలను పారవేయకండి.

వర్గం పేరు సైతం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పద్మశాలీలు తెలంగాణలో వెనుకబడిన తరగతుల బి గ్రూపులో ఉండగా, మహారాష్ట్రలో విశేష వెనుకబడిన వర్గంగా ఉన్నారు. ఇక్కడ రిజర్వేషన్ కింద వృత్తివిద్యలో చేరేవారికి కుల ధ్రువపత్రంతో పాటు జిల్లా పరిశీలన సమితి ఇచ్చే, మరాఠీలో జాత్ వైధతా ప్రమాణపత్ర అని వ్యవహరించే పత్రం కూడా అవసరం. దానికి నెలల తరబడి సమయం పట్టవచ్చును గనుక పదకొండో తరగతిలోనే దరఖాస్తు చేయడం ఉత్తమం.

పరిశీలించదగిన పట్టణాలు

చంద్రపూర్: విసాపూర్ వారు నివాసం మార్చకుండానే చదువుకోగల పట్టణం ఇది. ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాల 1996 నుండి, ప్రభుత్వ వైద్య కళాశాల 2015 నుండి ఇక్కడ నడుస్తున్నాయి. సర్దార్ పటేల్ మహావిద్యాలయం వంటి డిగ్రీ కళాశాలలూ ఉన్నాయి. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం ఇక్కడ పరిపాటి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చంద్రపూర్‌ను చేర్చింది. ఉబ్బసం ఉన్నవారు గల కుటుంబం గది ఎంచుకొనేటప్పుడు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

బల్లార్‌పూర్: 1916లో మహర్షి ధోండో కేశవ్ కర్వే స్థాపించిన శ్రీమతి నాథీబాయి దామోదర్ ఠాకర్సీ మహిళా విశ్వవిద్యాలయం బల్లార్‌పూర్‌లోనూ తన ప్రాంగణాన్ని నడుపుతోంది. దూరం పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులు ఆడపిల్ల చదువును ఆపివేయడానికి ముందు దీనిని విచారించాలి.

బ్రహ్మపురి: చంద్రపూర్ నుండి దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో, బల్లార్షా-గోందియా రైలు మార్గంపై ఉన్న చిన్న పట్టణం. నేవజాబాయి హితకారిణి మహావిద్యాలయం వంటి కళాశాలల వలన చుట్టుపక్కల పల్లెల విద్యార్థులకు ఇది చాలాకాలంగా విద్యాకేంద్రం.

గడ్చిరోలి: 2011లో ఏర్పడిన గోండ్వానా విశ్వవిద్యాలయపు ప్రధాన కేంద్రం. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కళాశాలలు దీని పరిధిలోనివి. మన ప్రాంతం నుండి రాకపోకలు ప్రధానంగా బస్సుపైనే.

వరోరా: బాబా ఆమ్టే స్థాపించిన ఆనందవన్ ఇక్కడే ఉన్నది. ఆనంద్ నికేతన్ కళాశాలల్లో సాధారణ డిగ్రీతో పాటు వ్యవసాయ విద్య కూడా లభిస్తుంది.

వర్ధా: మహాత్మా గాంధీ అంతర్జాతీయ హిందీ విశ్వవిద్యాలయం, సేవాగ్రామ్‌లో 1969లో ప్రారంభమైన వైద్య కళాశాల ఈ పట్టణానికి గుర్తింపు తెచ్చాయి. బల్లార్షా నుండి నేరుగా రైళ్లున్నాయి. అయితే ఇక్కడి డిగ్రీ కళాశాలలు నాగపూర్ విశ్వవిద్యాలయ పరిధిలోనివి. గోండ్వానా నుండి మధ్యలో మారేవారు మైగ్రేషన్ ధ్రువపత్రం తీసుకోవాలి.

ఖర్చును లెక్కించే విధానం

కాగితంపై నాలుగు గళ్లు గీయండి: ఫీజు, వసతి, భోజనం, ప్రయాణం. నెలకు కాక సంవత్సరానికి లెక్క వేయండి. లెక్క విధానం తెలియడానికి కొన్ని ఊహాజనితమైన అంకెలు తీసుకుందాం. ఇంటి నుండి రోజూ రాకపోకలకు 60 రూపాయల చొప్పున నెలకు 24 రోజులు, పది నెలలకు 14,400 రూపాయలు అవుతుంది. వేరే పట్టణంలో గదిలో వాటా 2,000, భోజనం 3,000 అయితే పది నెలలకు 50,000, నాలుగుసార్లు ఇంటికి వచ్చిపోవడానికి 1,600 కలిపి 51,600 రూపాయలు. తేడా 37,200. అక్కడి కళాశాల ఫీజు పదివేలు తక్కువని మాత్రమే ఊరు మారితే నష్టమే. కుటుంబమంతా మారేటట్లయితే అయిదో గడి అవసరం: కొత్త ఊరిలో పని దొరికేవరకు పోయే కూలి లేదా జీతం.

రాయితీలను తీసివేసిన తరువాతనే మొత్తాన్ని పోల్చండి. మహారాష్ట్ర ఎస్టీ బస్సులలో విద్యార్థుల నెలవారీ పాసుపై 66.67 శాతం రాయితీ ఉన్నది. 2023 మార్చి నుండి మహిళలకు టిక్కెట్టులో సగం రాయితీ లభిస్తోంది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆరంభమైన ఉచిత బస్సు ప్రయాణం ఆ రాష్ట్ర నివాస గుర్తింపు చూపిన మహిళలకే వర్తిస్తుంది. మహారాష్ట్ర చిరునామా గల ఆధార్‌తో అక్కడ చదివే అమ్మాయి ఆ సౌకర్యాన్ని లెక్కలోకి తీసుకోరాదు.

రిజర్వేషన్ వర్తించనంత మాత్రాన సహాయం లేదని నిరాశపడవద్దు. రాజర్షి ఛత్రపతి శాహు మహరాజ్ ఫీజు ఉపకార వేతన పథకం కింద, వార్షికాదాయం 8 లక్షల లోపు గల సాధారణ వర్గం వారికి ఫీజులో సగం లభిస్తుంది. పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ పథకం వసతి భత్యాన్ని ఇస్తుంది. 2024-25 నుండి, అదే ఆదాయ పరిమితిలోని ఆర్థికంగా బలహీన వర్గాల, ఇతర వెనుకబడిన వర్గాల బాలికలకు కేంద్రీకృత ప్రవేశాల ద్వారా చేరిన వృత్తివిద్యా కోర్సులలో బోధన రుసుము, పరీక్ష రుసుము పూర్తిగా మాఫీ. వీటికి దరఖాస్తులు మహాడీబీటీ పోర్టల్‌లో స్వీకరిస్తారు. వీటన్నిటికీ మహారాష్ట్ర అధివాసమే పునాది.

పేరు ఒక్కటిగా ఉండాలి

మన కుటుంబాలకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. తెలుగువారి పాత పత్రాలలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. ఇక్కడి బడి దాఖలాలో ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు అనే క్రమంలో పూర్తిగా రాస్తారు. తండ్రి ఆధార్‌లో ఒక విధంగా, బిడ్డ దాఖలాలో మరొక విధంగా ఉన్న పేరు వల్ల దరఖాస్తు వెనక్కి రావచ్చును. పదో తరగతి పరీక్ష దరఖాస్తు నింపకముందే పత్రాలన్నింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. పదో తరగతి మార్కుల పత్రం వెలువడిన తరువాత సవరణ కష్టతరం.

ఏ తరగతిలో ఏ పని

ఎనిమిదో తరగతిలో: ఏ రాష్ట్రంలో చదువు కొనసాగించాలో కుటుంబం నిర్ణయించుకోవాలి. తొమ్మిదిలో: పేర్లు, తేదీలు సరిచేయించుకోవాలి. పదిలో: తహసీల్ కార్యాలయం లేదా ఆపలే సర్కార్ సేవా కేంద్రం ద్వారా వయస్సు, జాతీయత, అధివాస ధ్రువపత్రానికీ, అర్హులైతే కుల ధ్రువపత్రానికీ దరఖాస్తు చేయాలి. పదకొండులో: కుల ధ్రువపత్రం పరిశీలనకు పంపాలి. పన్నెండులో: ఆదాయ ధ్రువపత్రం, అవసరమైనవారు నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం తీసుకోవాలి. ఫలితాలు వచ్చే లోపు, ఎంచుకున్న పట్టణానికి తల్లిదండ్రులలో ఒకరు పనిదినంలో వెళ్లి కళాశాలను, వసతిగృహాన్ని, సాయంత్రం చివరి బస్సు వేళను స్వయంగా చూసి రావాలి.

ఈ క్రమంలో సాగితే ఊరు ఎంచుకోవడం జూన్ నెలలో హడావుడిగా తేల్చవలసిన విషయం కాదు. అప్పటికి పత్రాలు చేతిలో ఉంటాయి, లెక్క కాగితంపై ఉంటుంది, బిడ్డకు ఏయే సీట్లపై హక్కు ఉన్నదో కుటుంబానికి తెలిసి ఉంటుంది. మిగిలేది అద్దె గదుల బేరం మాత్రమే.