గర్భిణుల రక్తపోటు – మెదడు గాయమునకు రక్తమే సాక్షి

గుండెపోటు వచ్చినదని అనుమానము కలిగినప్పుడు వైద్యులు రక్తమును పరీక్షించి, గుండె కండరము దెబ్బతిన్నదో లేదో తెలిసికొందురు. మెదడు విషయమున అట్టి పరీక్ష సాధ్యమా? గర్భిణీ స్త్రీల విషయమున ఈ ప్రశ్న ప్రాణసమస్యయే.

గర్భము 20 వారములు దాటిన పిదప రక్తపోటు 140/90కి చేరి, మూత్రములో ప్రోటీను కనిపించినను, మూత్రపిండములు, కాలేయము, మెదడు మున్నగునవి దెబ్బతిన్న సూచనలున్నను ఆ వ్యాధిని ప్రీ ఎక్లాంప్సియా అందురు. దానికి మూర్ఛలు తోడైనచో అది ఎక్లాంప్సియా. మన వాడుకలో దీనికే గుర్రపువాతమని పేరు.

ఈ వ్యాధిలో మావి నుండి వెలువడు కొన్ని పదార్థములు తల్లి రక్తనాళముల లోపొరను చెరచును. సాధారణముగా రక్తపోటు కొంత హెచ్చినను మెదడులోని రక్తప్రవాహము అదుపులోనే యుండును. ఇచ్చట ఆ అదుపు సడలును. రక్తమునకు, మెదడునకు నడుమనున్న రక్షణపొర బలహీనపడి మెదడు వాచును. గాయపడిన కణములలోని ప్రోటీనులు రక్తములో కలియును.

అట్టివానిలో మూడింటిని పేర్కొందము. న్యూరోఫిలమెంట్ లైట్, టౌ అనునవి నాడీకణముల పొడవైన తంతువులకు ఊతమిచ్చునవి. జి.ఎఫ్.ఎ.పి. అనునది నాడీకణములకు అండగా నిలుచు నక్షత్రాకార కణములలోనిది. స్వీడన్, దక్షిణాఫ్రికా పరిశోధకులు కలిసి కేప్‌టౌన్ నగరమున జరిపి, 2022లో ప్రకటించిన పరిశోధనలో, మూర్ఛలు వచ్చిన స్త్రీల రక్తమున ఈ మూడును, నాడీసంబంధమైన చిక్కులు లేని ప్రీ ఎక్లాంప్సియా స్త్రీలలో కంటె హెచ్చుగా కనిపించినవి. మూర్ఛ వచ్చి పోవునదే కాదు, మెదడుపై దాని వెనుక గాయమున్నదని దీనివలన తెలియుచున్నది.

అయినను మూర్ఛ వచ్చిన తరువాత తీసిన రక్తము జరిగిన హానిని చెప్పగలదే గాని, రానున్న మూర్ఛను ముందుగా చెప్పినట్లు కాదు. న్యూరోఫిలమెంట్ మెదడు వెలుపలి నాడుల నుండియు రావచ్చును. కావున ఈ పరీక్షలింకను ప్రసూతి వైద్యశాలల నిత్యవ్యవహారములోనికి రాలేదు.

నివారణోపాయము మాత్రము మన చేతిలోనే యున్నది. 33 దేశములలో సుమారు 10,000 మంది స్త్రీలపై జరిగి, 2002లో వెలువడిన మాగ్‌పై పరిశోధన, మెగ్నీషియం సల్ఫేటు మూర్ఛల ప్రమాదమును సగమునకు తగ్గించునని నిరూపించినది.

విద్యార్థినీ విద్యార్థులారా! మన యింట గర్భిణి గాని, బాలింత గాని తీవ్రమైన తలనొప్పియనియు, చూపు మసకబారినదనియు, పొట్ట పైభాగమున నొప్పియనియు చెప్పినచో, దిష్టియని తాత్సారము చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చుదము. రక్తము సాక్ష్యము చెప్పువరకు వేచియుండనక్కరలేదు. ఆమె మాటయే మనకు మొదటి సాక్ష్యము.