కూరగాయల మడికి పాత చెక్క పనికొస్తుందా?

చందనవెల్లి పారిశ్రామిక పార్కు లాంటి చోట్లకు యంత్రాలు చెక్కపెట్టెల్లో, ప్యాలెట్ల మీద వస్తాయి. ఆ చెక్క తుక్కు కింద చవగ్గా దొరికితే చేవెళ్ల, మొయినాబాద్ తోటల్లో ఎత్తుమడులు కట్టుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కట్టుకోవచ్చు కూడా. కాకపోతే ఆ చెక్కకు ఏ మందు పట్టించారో ముందు తెలియాలి.

ఎగుమతి ప్యాలెట్ మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో 'హెచ్‌టీ' అని ఉంటే చెక్క నడిమి భాగం దాకా 56 డిగ్రీల వేడిని కనీసం 30 నిమిషాలు పట్టించారని అర్థం. పురుగు చావడానికి వేడి తప్ప వేరే మందేమీ వాడలేదన్నమాట. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించారు. ఆ వాయువు చాలావరకు ఎగిరిపోతుంది గానీ, నేనైతే దాన్ని మడికి వాడను. ముద్ర ఏదైనా, నూనె మరకలో రసాయనాల వాసనో ఉన్న చెక్క వద్దు.

అసలు జాగ్రత్త పడాల్సింది సీసీఏ పట్టించిన కలపతో. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన ఈ మందును 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో కనిపెట్టినవాడు సొంటి కామేశం అనే తెలుగు శాస్త్రవేత్త. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ చెదల పని పడుతుంది, క్రోమియం ఆ రెంటినీ చెక్కలో బిగిస్తుంది. స్తంభాలకు అది వరమే. అయితే వానకు ఆర్సెనిక్ కొద్దికొద్దిగా ఊరి మట్టిలోకి దిగుతుంది. అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ల వాడకానికి ఈ కలప తయారీ మానేశారు. కొత్తలో చెక్క పచ్చగా ఉంటుంది. ఎండకు, వానకు బూడిదరంగుకు తిరిగాక పోల్చుకోలేం. పాత రైలు స్లీపర్ దుంగల సంగతి వేరు. వాటికి పట్టించేది క్రియోసోట్, తారు నుంచి తీసిన నూనె. అందులో క్యాన్సర్ కారకాలున్నాయి.

దిగిన ఆర్సెనిక్ దూరం పోదు, చెక్కకు బెత్తెడు దూరంలోనే ఎక్కువగా నిలుస్తుంది. టమాటా, వంకాయల్లోకి చేరేది బహు తక్కువ. క్యారెట్, ముల్లంగి, పాలకూరల్లోకి కాస్త ఎక్కువ. వాటికి అంటుకున్న మట్టితోనూ ముప్పే. ఇప్పటికే అలాంటి మడి ఉంటే అంచు వదిలి నాటండి, దుంపలను కడిగి చెక్కు తీయండి.

మడి కన్నా పొయ్యి ప్రమాదం. మిగిలిన ముక్కలను పొయ్యిలో పెడితే ఆర్సెనిక్ కొంత పొగలో కలుస్తుంది, మిగతాది బూడిదలో చిక్కగా పేరుకుంటుంది. మనకేమో పేనుబంక పడితే చిక్కుడు మీద బూడిద చల్లే అలవాటు. మడిలో ఏళ్ల తరబడి ఊరాల్సిన విషం ఒక్క పూటలో ఆకుల మీద పడుతుంది.

ఊరూపేరూ తెలియని చెక్కతో ఇంత తంటా ఎందుకు? నాపరాళ్లు దొరికే తాండూరు దగ్గరే. ఆ రాళ్లు నిలబెట్టి మడి కట్టుకోండి. వాటికి చెదలూ పట్టవు, మందూ అక్కర్లేదు.